సరిపడా అంటే ఎన్ని గ్రాములు?

(గుంటూరులో నర్సింగ్, హోంసైన్స్ విద్యార్థులు, ఆశా వర్కర్లు, చుట్టుపక్కల కాలనీల గృహిణులు, రిటైరైన పెద్దలు కూర్చున్న సభలో ఒక పోషకాహార అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక సభ పెట్టారు, అందులోనూ ఉప్పు మీద. కునుకు పట్టేవాళ్లు మొహమాటపడకుండా వెనక వరసలోకి వెళ్లండి. ఫ్యాను కూడా అక్కడే బాగా తిరుగుతోంది.

ముందు ఒక పని చేద్దాం. ఈ బల్ల మీద ఒక గిన్నెలో మెత్తుప్పు, ఇంకో గిన్నెలో కల్లుప్పు ఉన్నాయి. పక్కన వంటింటి కాటా, గ్రాముల్లో చూపించేది. ఇంట్లో రోజూ వంట చేసేవాళ్లు ముగ్గురు పైకి రండమ్మా. రండి, పరీక్ష కాదు. నలుగురికి టమాటా పప్పు వండుతున్నారనుకోండి. అందులోకి సరిపడా ఉప్పు ఈ కాగితం మీద వెయ్యండి. చెంచా కావాలంటే చెంచా, చెయ్యి అలవాటైతే చెయ్యి.

సరే, వెనకవాళ్లకి కనపడట్లేదు కాబట్టి చెబుతున్నాను. మొదటి ఆవిడ చెంచా అడిగారు. గోపురం కట్టకుండా ఒకటి వేశారు, మళ్లీ సగం. కాటా 8 గ్రాములు చూపిస్తోంది. రెండో ఆవిడ చేత్తోనే వేశారు. వేసి, ఒకసారి కాగితం వంక చూసి, ఇంకొంచెం చల్లారు. 12. మూడో ఆవిడ పెద్దావిడ. మెత్తుప్పు ముట్టుకోనే లేదు, కల్లుప్పు గిన్నె దగ్గరికి జరుపుకున్నారు. 17. (నవ్వులు)

నవ్వకండి. ముగ్గురిదీ సరిపడానే. ఈ ముగ్గురి ఇళ్లలోనూ ఇవాళ పప్పు బాగానే కుదిరి ఉంటుంది. వంటల పుస్తకం తీయండి, కందిపప్పు ఒక కప్పు అని ఉంటుంది, టమాటాలు నాలుగు, పచ్చిమిరపకాయలు ఆరు, నూనె రెండు చెంచాలు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ రాసేవాళ్ల చెయ్యి కూడా వణుకుతుంది. "ఉప్పు, సరిపడా." జనం ఎంత ఉప్పు తింటున్నారో కొలవడం నా పని, అంటే ఇన్నేళ్లుగా నా ఉద్యోగం ఈ ఒక్క మాటతో కుస్తీ పట్టడమే. కూర్చోండమ్మా, థాంక్స్.

ఎందుకు కొలవాలి అనే సంగతి మీద ఎక్కువసేపు ఉండను, బీపీ గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే సోడియం 2 గ్రాములు. విద్యార్థులు ఇక్కడ తప్పు చేస్తుంటారు, సోడియం వేరు, ఉప్పు వేరు. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. ప్యాకెట్ వెనక రాసేది సోడియం, అదీ మిల్లీగ్రాముల్లో. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పన్నమాట.

మరి మనం ఎంత తింటున్నాం? 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఢిల్లీ, హర్యానాలలో సగటున రోజుకి 8.59 గ్రాములు, ఆంధ్రప్రదేశ్‌లో 9.46 గ్రాములు అని తేలింది. వాళ్లకంటే మనం ఒక గ్రాము దాకా ఎక్కువే. ఈ తొమ్మిదిన్నర ఎక్కణ్ణించి వచ్చింది? ఎవర్నో అడిగితే రాలేదు. 24 గంటల మూత్రం పట్టి కొలిస్తే వచ్చింది.

తిన్న సోడియంలో 90 శాతం దాకా ఒక రోజులో మూత్రం ద్వారానే బయటికి పోతుంది. మనిషి మర్చిపోతాడు, మొహమాటపడతాడు, కిడ్నీకి అవేమీ లేవు. 1988లో ఇంటర్‌సాల్ట్ అని ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 32 దేశాలు, 52 చోట్లు, పదివేల పైచిలుకు మనుషులు. మన దేశం నుంచి ఢిల్లీ, లద్దాఖ్ ఉన్నాయి. అన్ని దేశాల తిళ్లు, అన్ని భాషలు ఉన్నచోట ఉప్పు సంగతి నోటిమాట మీద వదలలేదు వాళ్లు. అందరి చేతికీ డబ్బా ఇచ్చారు.

ఆ డబ్బా ఇవ్వడం ఎట్లా ఉంటుందో చెబుతాను. అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. "ఇవాళ పొద్దున్న లేవగానే వెళ్లింది పట్టొద్దు, పారబొయ్యండి. ఆ తర్వాతి నుంచి అన్నీ పట్టండి. రేపు పొద్దున్న లేవగానే వెళ్లేది కూడా పట్టి, అప్పుడు ఆపండి." నేను ఇట్లా చెబితే మిర్చి యార్డులో మూటలు మోసే ఒకాయన తల గోక్కుని, "ఇయ్యాల మొదటిది వద్దంటిరి, రేపు మొదటిది కావాలంటిరి, రెండూ నాయేగదండీ, ఏంటండీ తేడా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. డబ్బా పట్టుకుని యార్డుకి ఎట్లా పోతాడు? పొలం పనికి వెళ్లే ఆడమనిషి ఎక్కడ పడుతుంది? పెళ్లికి వెళ్లొచ్చిన ఒకమ్మాయి డబ్బా తెచ్చిచ్చింది, అడుగున ఉన్నాయి నాలుగు వందల మిల్లీలీటర్లు. రోజంతా అదేనా అంటే, "అక్కడ ఎట్లా పడతానండీ" అంది. ఆ డబ్బా పక్కన పెట్టాల్సి వచ్చింది.

డబ్బా పూర్తిగా వచ్చిందా లేదా తేల్చడానికి క్రియాటినిన్ చూస్తాం, అది కండరాల నుంచి వచ్చి రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో మూత్రంలో పోయే పదార్థం. పాబా అనే మాత్రలు, మింగితే దాదాపు అంతా మూత్రంలోనే వచ్చేసేవి, రోజుకి మూడు మింగించి, అది ఎంత బయటికి వచ్చిందో చూసి, పట్టకుండా వదిలేసిన దొంగని పట్టుకునే పద్ధతి కూడా 1983 నుంచి ఉంది. ఇదంతా డబ్బుతో పని, ల్యాబుతో పని. ఒక్కసారి పట్టిన మూత్రంతో రోజు మొత్తాన్ని లెక్కగట్టే సూత్రాలూ ఉన్నాయి, జపాన్ వాళ్ల కవసాకి, తనాకా సూత్రాలు. చవక. కానీ వాటికో జబ్బుంది. తక్కువ తినేవాళ్లకి ఎక్కువ చూపిస్తాయి, ఎక్కువ తినేవాళ్లకి తక్కువ చూపిస్తాయి. అందర్నీ తెచ్చి మధ్యలో కూర్చోబెడతాయి.

అందుకని అందరం చివరికి ప్రశ్నల ఫారం దగ్గరికే వస్తాం. అడిగితే పోయేదేముంది, పెన్నూ కాగితమేగా. నేనూ అట్లానే అనుకున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థకి స్టెప్స్ అని ఒక సర్వే పద్ధతి ఉంది. బీపీ, షుగర్ లాంటి జబ్బుల మీద చాలా దేశాల్లో దాన్ని వాడతారు. అందులో ఉప్పు మీద కొన్ని ప్రశ్నలున్నాయి. అవి తప్పు ప్రశ్నలని నేను అనట్లేదు. అవి కొల్లిపర దాకా వచ్చేసరికి ఏమవుతాయో చెబుతాను.

మొదటి ప్రశ్న, తినేటప్పుడు గానీ తినబోయే ముందు గానీ మీ ఆహారంలో ఉప్పు, లేదా సోయా సాస్ లాంటి ఉప్పటి సాస్ ఎంత తరచుగా కలుపుకుంటారు? సోయా సాస్ నూడుల్స్ బండి దగ్గర తప్ప మనకి ఎక్కడుందండీ. మరి దాని స్థానంలో ఏం రాయాలి? ఆవకాయ రాయాలా? ఆవకాయ సాసూ కాదు, కలుపుకునేదీ కాదు, అదే ఒక అన్నం. మొదటి ముద్ద దానిదే. సరే, సాస్ మాట కొట్టేసి ఉప్పు ఒక్కటే ఉంచాను.

దానికి జవాబులు అయిదు. తెలుగు చేసింది నేనే. మొదటి గడిలో "ఎప్పుడూ" అని రాశాను, చివరి గడిలో "అసలు కలుపుకోను" అని. బాగానే ఉంది కదా? ఫారాలు తిరిగొచ్చాక చూస్తే ఒక ఊళ్లో దాదాపు అందరూ "ఎప్పుడూ" గడిలోనే ఉన్నారు. అన్నంలో మళ్లీ ఉప్పు కలుపుకునే ఊరు ఏవిటా అని నేనే వెళ్లాను. ఒక పెద్దాయన్ని మళ్లీ అడిగాను. "ఎప్పుడూ..." అన్నాడు. ఫారం నింపే మా సర్వే అమ్మాయి చెయ్యి అప్పటికే టిక్కు పెట్టేసింది. ఆయన తాపీగా తమలపాకు ఈనె తీసుకుంటూ, "...వేసుకోనమ్మా" అన్నాడు. (నవ్వులు) తెలుగులో క్రియ ఆఖర్న వస్తుంది. "ఎప్పుడూ వేసుకుంటాను", "ఎప్పుడూ వేసుకోను", రెండూ ఒకే మాటతో మొదలు. ఆ అమ్మాయిది తప్పు కాదు, గడి మీద ఆ మాట రాసిన నాది. ఇప్పుడు నా ఫారంలో "ప్రతి ముద్దకీ ముందు", "రోజూ ఒకసారైనా", "వారంలో కొన్ని రోజులు" అని ఉంటుంది.

రెండో ప్రశ్న, మీ ఇంట్లో వంట చేసేటప్పుడు ఉప్పు ఎంత తరచుగా వేస్తారు? దుగ్గిరాల దగ్గర ఒకావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఉప్పెయ్యకుండా కూరెట్టా ఒండుతారమ్మా? మీ ఇంట్లో ఒండరా?" అంది. అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్న దేన్నీ కొలవదు. మీరంతా ఊపిరి పీలుస్తారా అని అడిగినట్టు.

మూడోది, ఉప్పు ఎక్కువగా ఉండే ప్రాసెస్ చేసిన ఆహారం ఎంత తరచుగా తింటారు? దాని కిందే పచ్చళ్లు కూడా వస్తాయి. ఎండాకాలం వరండాలో కూర్చుని, కాయ తుడిచి, ముక్క కొట్టించి, సొంత చేత్తో కలిపిన ఆవకాయని ప్రాసెస్డ్ ఫుడ్ అనండి చూద్దాం ఏ ఇంటావిడ దగ్గరైనా! లేదు, మేం ప్యాకెట్లు కొనం అంటారు. నిజమే చెబుతున్నారు. ఫారంలో మాత్రం సున్నా పడుతుంది. కారం, ఆవపిండి, ఉప్పు సమానంగా పోసి కలిపే ఇళ్లున్నాయి మనకి. ముక్కా నూనే పక్కన పెడితే ఆ పిండిలో కొలతలో మూడో వంతు ఉప్పే. ఉప్పు బరువు కాబట్టి తూకంలో ఇంకా ఎక్కువ.

నాలుగోది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. మీరు ఎంత ఉప్పు తింటున్నారని మీరు అనుకుంటున్నారు? చాలా ఎక్కువ, ఎక్కువ, సరిపడా, తక్కువ, మరీ తక్కువ. ఇందాక కాగితం మీద ఉప్పు పోసిన ముగ్గుర్నీ అడగండి. 8 గ్రాములావిడ సరిపడా అంటుంది, 17 గ్రాములావిడా సరిపడా అంటుంది. ఇంగ్లిష్‌లో అది మధ్య గడి. తెలుగులో అది వంట మాట. కూరలో ఉప్పు ఎక్కువయిందని ఒప్పుకుంటే వండినామెని తప్పుపట్టినట్టు. ఏ మొగుడైనా బయటివాళ్ల ముందు అంటాడా? సరే, కొందరు అంటారనుకోండి.

ఇవి చిన్న ప్రశ్నలు. పెద్ద పద్ధతులు రెండున్నాయి. ఒకటి, నిన్న పొద్దున్న లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఏమేం తిన్నారో చెప్పించడం. 24 గంటల రీకాల్ అంటాం. రెండోది, ఒక చాంతాడంత వంటకాల జాబితా ఇచ్చి, నెలలో ఇది ఎన్నిసార్లు తిన్నారు, ఎంతెంత అని అడగడం. దాన్ని ఎఫ్ఎఫ్‌క్యూ అంటాం.

రీకాల్ సరిగ్గా చెయ్యాలంటే ఓపిక కావాలి. ఒకాయన చెప్పింది చెబుతాను. "పొద్దున్న ఇడ్లీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, దొండకాయ వేపుడు, పెరుగు. రాత్రి చపాతీ." అయిపోయింది, ఫారం మూసెయ్యొచ్చు. అప్పుడు రెండో చుట్టు మొదలుపెట్టాలి. ఇడ్లీ దేంతో తిన్నారండీ? కారప్పొడీ, పల్లీ చట్నీ. పప్పులోకి నంజుకోవడానికి? అప్పడం, రెండు చల్లమిరపకాయలు. మొదటి ముద్ద? "ఆ, అది ఉంటుందిగా రోజూ," గోంగూర. పెరుగన్నంలో ఉప్పు వేసుకున్నారా? వేసుకున్నా. నాలుగింటప్పుడు బయటికి వెళ్లారా? బండి మీద రెండు బజ్జీలు. దాహం వేయలేదా మరి? నిమ్మకాయ సోడా. తీపా ఉప్పా? ఉప్పే.

ఆయన మొదటి చుట్టులో అబద్ధం చెప్పలేదు. పచ్చడి మనకి వంటకాల లెక్కలోకి రాదు, కంచంలో అదో మూల ఎప్పుడూ ఉండేదే. గోడ మీద గడియారం గురించి ఎవరూ చెప్పరు కదా, అట్లా. కానీ ఆ రోజు ఆయన తిన్న ఉప్పులో పెద్ద వాటా ఆ చెప్పని వాటిలోనే ఉంది. బజ్జీ పిండిలో వంట సోడా వేస్తారు, అదీ సోడియమే. నాలుక్కి ఉప్పగా తగలదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన అన్నీ చెప్పాడనుకోండి. నేను అన్నీ రాశాననుకోండి. ఆ పప్పులో ఉప్పు ఎంత? హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన భారతీయ ఆహార పట్టికలున్నాయి, 528 ఆహారాలు, మంచి పని. కానీ అందులో ఉండేది కందిపప్పులో సోడియం, దొండకాయలో సోడియం. మీ ఇంటి గరిటెలో పడ్డ ఉప్పు ఏ పట్టికలోనూ ఉండదు. అందుకని కంప్యూటర్‌లో ఒక ప్రామాణిక పప్పు పెట్టుకుంటాం, ఇన్ని గ్రాముల ఉప్పు అని. ఆ తర్వాత గుంటూరు జిల్లా మొత్తం ఆ ఒక్క పప్పే తింటుంది! ఇందాకటి 8 గ్రాములావిడా, 17 గ్రాములావిడా మా లెక్కలో ఒకటైపోతారు. నేను కొలిచింది ఉప్పుని కాదు, మీరు పప్పు ఎన్నిసార్లు తిన్నారో దాన్ని. ఇది అర్థం కావడానికి నాకు ఉద్యోగంలో ఆరేడేళ్లు పట్టింది, సిగ్గుపడాల్సిన సంగతే.

ప్రశ్నావళి లెక్కని, 24 గంటల మూత్రం లెక్కని అవే మనుషుల్లో పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాలు ప్రపంచంలో చాలా వచ్చాయి. మొత్తం మీద రీకాల్ ఉప్పుని తక్కువ చూపిస్తుంది. ఎఫ్ఎఫ్‌క్యూ అయితే ఫలానా మనిషి ఎంత తింటున్నాడో చెప్పడానికి పనికి రాదనే చెప్పాలి.

సరే, అడగడం వద్దు, తూద్దాం అనుకున్నాను. కొల్లిపర దగ్గర ఒక ఇల్లు. అయిదుగురు మనుషులు. వంట పెద్దావిడది. "రోజుకి ఎంత ఉప్పు పడుతుంది పిన్నిగారూ?" అంటే "రెండు చెంచాలమ్మా" అంది. అయిదుగురికి రెండు చెంచాలంటే మనిషికి రెండు గ్రాములు. కుదిరే మాట కాదు. ఆవిడ ఉప్పు జాడీని పొద్దున్నే కాటా మీద పెట్టాను, 640 గ్రాములు. రాత్రి మళ్లీ పెట్టాను, 548. అంటే 92 గ్రాములు పోయింది. మనిషికి 18 గ్రాములు పైనే! పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. ఇంటికొచ్చి మావారికి కూడా చెప్పాను.

తెల్లారి గుర్తొచ్చింది. ఆ ఇంట్లో ముందురోజు చేపలు. చేపలకి ఉప్పేసి రుద్ది రుద్ది కడుగుతారు, నీచు పోవడానికి. రెండు గుప్పిళ్లు ఆ చేపల మీదే పోసింది, నా కళ్లముందే. అదంతా కాలవలోకి పోయింది, ఎవరి కడుపులోకీ పోలేదు. చేపలే కాదు, పిల్లాడికి దిష్టి తీస్తే ఉప్పు, గొంతు గరగరమంటే పుక్కిలించడానికి ఉప్పు. జాడీలోంచి పోయిన ఉప్పంతా తిన్న ఉప్పు కాదు. మళ్లీ వెళ్లి, చేపలు లేని రోజు తూచాను. 31 గ్రాములు. మనిషికి ఆరుకి కొంచెం పైన.

మరి రెండు చెంచాలేమిటి? అప్పుడు చూశాను, జాడీలో ఎప్పుడూ ఉండే కొబ్బరిచిప్ప గరిటె. ఆవిడ చెంచా అదే. దాంతో ఒకటి తీసి తూస్తే 13 గ్రాములు. రెండు గరిటెలు 26, ఆ పైన పులుసు మరిగాక రుచి చూసి వేసిన చిటికెళ్లు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నా ఫారంలో బొమ్మ వేసిన చెంచా మా ఇంటి చెంచా. అప్పట్నుంచి నేను చెంచా బొమ్మలు మానేశాను. "మీరు దేంతో తీస్తారో అది చూపించండి" అంటాను, దాన్నే తూస్తాను.

ఆ 31 గ్రాముల్ని అయిదుతో భాగించడం కూడా నిజానికి సరైన లెక్క కాదు. పొలం నుంచి వచ్చిన తాతయ్య రెండు పూటలా తట్టెడన్నం తింటాడు, మనవరాలు పిట్ట తిన్నట్టు తింటుంది. ఆవకాయ జాడీ వేరే, మజ్జిగలో ఉప్పు వేసుకునే ప్లాస్టిక్ సీసా వేరే.

ఇంకొక ముడి ఉంది, నర్సింగ్ పిల్లలు ఇది రాసుకోండి. బీపీ ఉన్నాయన్ని అడుగుతాం, ఉప్పు ఎంత తింటారండీ అని. డాక్టరు తగ్గించమని చెప్పి ఉన్నాడు. మన మెడలో ఐడీ కార్డు చూశాడు. "చప్పిడే తింటున్నానండీ" అంటాడు. వంటింట్లోంచి గాజుల చప్పుడు ఒక్కసారి ఆగుతుంది. ఆవిడ ఏమీ అనదు, మనకి అర్థమవుతుంది. బీపీ లేనివాడికి దాచాల్సిన అవసరం లేదు, ఉన్నది చెబుతాడు. ఇట్లాంటి ఫారాలు వెయ్యి కంప్యూటర్‌లో పోస్తే ఏం తేలుతుంది? ఉప్పు తక్కువ తినేవాళ్లకే బీపీ ఎక్కువ అని తేలుతుంది! పేపర్లో పడుతుంది కూడా. ఎవరి తప్పు ఎటువైపు ఉందో చూడకుండా తప్పులన్నీ సగటులో కొట్టుకుపోతాయనుకుంటే ఇదే గతి.

ఇంతా విని ప్రశ్నావళులు తగలెయ్యమంటున్నాననుకోవద్దు. మూత్రం మొత్తం చెబుతుందేగానీ ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పదు. డబ్బాలో సోడియం మీద ఆవకాయ అనో, బిస్కెట్ అనో రాసి ఉండదు. 1987లో బ్రిటన్‌లో ఒక తమాషా ప్రయోగం చేశారు. ఇంట్లో వాడే ఉప్పులో గుర్తు కోసం లిథియం అనే పదార్థం కాస్త కలిపి ఇచ్చి, మూత్రంలో ఆ గుర్తు ఎంత వచ్చిందో చూశారు. వాళ్లు తినే ఉప్పులో వంటింట్లో, బల్ల దగ్గర వేసుకునేది 15 శాతమే. మిగతాదంతా బ్రెడ్డు లాంటి కొన్న తిండిలోంచీ, కొంచెం పదార్థంలో సహజంగా ఉన్నదీ. వాళ్ల ప్రశ్నావళి నిండా అందుకే బ్రెడ్డు, చీజు, సూపు ఉంటాయి, అది వాళ్లకి సరిపోతుంది. మన దగ్గర తిరగబడి ఉంటుంది, ఎక్కువ భాగం వంటింట్లో పడేదే. వాళ్ల ఫారం తెచ్చి మనం నింపితే, తాళం ఒక తలుపుది, చెవి ఇంకో తలుపుది.

కాబట్టి నేనిప్పుడు చేసేది ఇది. మొత్తం కావాలంటే కొద్దిమందికి డబ్బా ఇస్తాను, వచ్చిన సగటుని ఊరికి వాడతాను, ఫలానా మనిషికి వాడను. ఒక్క రోజు మూత్రం ఒక్క మనిషి అలవాటుని చెప్పదు, నిన్న పెళ్లి భోజనం అయి ఉండొచ్చు, ఇవాళ ఏకాదశి అయి ఉండొచ్చు. ఎక్కణ్ణించి వస్తుందో కావాలంటే ఫారం. ఫారంలో మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? మీ ఇంట్లో ఉప్పు ఎవరు వేస్తారు? ఆ మనిషి లేకుండా మిగతా ప్రశ్నలు అడగను. తినేవాణ్ణి అడిగితే రుచి చెబుతాడు, వేసేవాళ్లని అడిగితే కొలత చెబుతారు.

ఇంకో ప్రశ్న, కిలో ప్యాకెట్ ఎన్ని రోజులొస్తుంది, ఎంతమంది తింటారు? ఇది ఇప్పుడే చేద్దాం. నలుగురున్న ఇంట్లో ఒక్కొక్కరికి 5 గ్రాములైతే రోజుకి 20. కిలో 50 రోజులు రావాలి. బయటి తిండి, పచ్చడి, బిస్కెట్టు వేరే ఉన్నాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ రోజులే రావాలి. నెల తిరక్కుండా అయిపోయేవాళ్లు చెయ్యెత్తండి. ...చాలు, చాలు, దించండి. పచ్చళ్లు పెట్టే నెల, చేపలు కడిగింది తీసేసి చూసుకోండి ఇంటికెళ్లాక.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: సైంధవ లవణం వాడుతున్నామండీ, అందులో సోడియం ఉండదంటగా?)

ఎవరన్నారండీ? అది కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. రంగు మారినంత మాత్రాన ఒంటికి వేరే లెక్క ఉండదు. పైగా అయోడిన్ కలిపిందో లేదో ప్యాకెట్ మీద చూసుకోండి. సర్వేలో ఇదో తంటా నాకు. "ఉప్పు మానేశామండీ, సైంధవమే" అంటారు, ఫారంలో ఉప్పు సున్నా. కల్లుప్పు వాడేవాళ్లూ "ఇది మంచిదండీ" అంటారు. కల్లుప్పుకి సందులుంటాయి కాబట్టి అదే చెంచాలో కొంచెం తక్కువ పడుతుంది, అంతవరకే. గుప్పిటతో వేస్తే అదీ లేదు, ఇందాక చూశాంగా.

(ఒక ఏఎన్ఎం: మే నెలలో చెమటకే పోతుంది కదా మేడమ్, అప్పుడు మూత్రం లెక్క ఎట్లా?)

మంచి ప్రశ్న. మామూలుగా చెమటలో పోయేది కొద్దే, ఆ 90 శాతం లెక్క అందుకే నిలబడుతుంది. రోహిణి కార్తెలో యార్డులో మూటలు మోసేవాడికి అది వర్తించదు. అతని డబ్బాలో తక్కువ కనపడుతుంది, తిన్నది తక్కువ కాదు. నేను ఏప్రిల్, మే నెలల్లో డబ్బాలు ఇవ్వను. బెజవాడలో అసలే ఇవ్వను. (నవ్వులు) పని ఎక్కడ, ఎండలోనా నీడలోనా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. చూశారా, మూత్రం లెక్కకి కూడా ఫారం తోడు కావాల్సి వచ్చింది.

(ఒక విద్యార్థిని: మేడమ్, మీరెంత తింటారు?)

అడుగుతారని తెలుసు. అయిదు గ్రాములనే అనుకునేదాన్ని. ఇంట్లో ఉప్పు నేనే వేస్తాను, కాటా పెట్టుకుని వేస్తాను. ఆవకాయ తగ్గించాను, అప్పడం మానేశాను. నా ఫారం నేనే నింపుకుంటే అయిదుకి కొంచెం లోపే వచ్చింది. ఒక చలికాలం, అందరికీ ఇస్తున్నాం కదా అని నేనూ ఒక డబ్బా పట్టాను. ఎనిమిది దాటింది. ల్యాబులో తప్పు జరిగిందనుకున్నాను. ఇంకో రెండు వారాలాగి మళ్లీ పట్టాను. మళ్లీ ఎనిమిదే. వారం రోజులు వెతికాను ఎక్కణ్ణించి వస్తోందా అని. కందిపొడి. పొద్దున్న ఇడ్లీలోకి, రాత్రి వేడన్నంలోకి, నెయ్యేసుకుని. ఫారం తీసి చూశాను. పచ్చళ్లకి గడి ఉంది, అప్పడాలకి ఉంది, వడియాలకి ఉంది, సోడాకి కూడా ఉంది. పొడులకి గడి లేదు. ఆ ఫారం రాసింది నేనే.